ఆరో రూలుకు సున్నా

ఆ మధ్యాహ్నం మూడు గంటలకు ఆ ముందుగదిలో ఉన్నవాళ్లు: వేంపల్లె నుంచి వచ్చిన ఆమె చెల్లెలు, పక్కింటి నేతగాడు రంగప్ప, నేను. ఉన్న వస్తువులు: ఒక బల్ల, దాని మీద ఐదేళ్ల కిందట నేను కొనిపించిన కంప్యూటరు, దుమ్ము పడకుండా దాని మీద కప్పిన రవికె గుడ్డ, రెండు ఎర్ర సిరా పెన్నులు (ఒకటి ఎండిపోయింది), పార్సిల్ కవర్ల కట్ట, చిన్న తూకం మిషను, దారపు జడలతో నిండిన బిస్కెట్ల డబ్బా, గోడకు అంటించిన ఒక కాగితం. ఇవి కాక చర్చి వాళ్ల ప్లాస్టిక్ కుర్చీలు పదహారు. జ్ఞాపకార్థ కూడిక ముగిసింది కాబట్టి వాటిని ఒకదానిలో ఒకటి పేర్చి తలుపు పక్కన పెట్టారు. గోడ అవతల మగ్గం నడుస్తోంది.

ఆమె చనిపోయి పదకొండు రోజులైంది.

కోడుమూరులో అందరూ ఆమెను టీచరమ్మ అనేవాళ్లు. నేనూ అదే పేరుతో రాస్తాను. ఆమె ఎక్కడ పుట్టిందో, ఎన్నేళ్లు మిషను బడిలో చెప్పిందో, ఎందుకు పెళ్లి చేసుకోలేదో నాకు సరిగ్గా తెలియదు. ఐదో తరగతి దాకా ఆమె దగ్గర చదువుకున్నాను. తర్వాత కర్నూలులో పాలిటెక్నిక్ చేసి, అక్కడే చిన్న చిన్న దుకాణాలకు వెబ్‌సైట్లు తయారుచేసే ఆఫీసులో చేరాను. ఆమె రిటైరయ్యాక రంగప్ప ఇంట్లో నేసిన నూలు చీరలను ఫోనులో, ఈమెయిల్లో అమ్మడం మొదలుపెట్టింది. మా అమ్మ "టీచరమ్మ పిలుస్తాంది, పోయి సూడు" అంటే వెళ్లాను. మా పరిచయం రెండోసారి అలా మొదలైంది.

ఇప్పుడు నన్ను పిలిపించింది రంగప్ప.

"ఏమప్పా, సోమారం ఆదోని తట్టు నుంచి ఒకాయప్ప వస్తాడు, మగ్గాల సామాను కొనేకి. నాలుగిట్లో ఒకటి ఎట్లా మూలపడిందే. తక్కిన మూడిట్లో ఎన్ని ఇయ్యల్లో నువ్వు చెప్పల్ల."

"నన్నడిగితే ఎట్లా మామా?"

"టీచరమ్మ మెయిలు డబ్బా తెరిసేది నీకే గదా తెల్సు. ఎంతమంది అడుగుతాండారో సూడు. మగ్గానికి నెలకు ఎనిమిది చీరలు. ఇరవై నాలుగిటికి పనుంటే మూడూ నిలబెట్టుకుంటా. పదారుకైతే రెండు. అంతకన్నా తక్కువొస్తే మా తమ్ముడు బెంగుళూరుకు పోయి వాచ్‌మెన్ పని చేసుకుంటానంటాండాడు, పోనీ."

ఇవాళ శుక్రవారం. పెట్టె తెరిచాను. చదవని మెయిళ్లు ముప్పై ఎనిమిది. అన్నీ చీరల రంగుల గురించి అడిగినవే. ఆర్డరు చేసినవాళ్లు ఒక్కరూ లేరు. జవాబు రాకుండా ఎవరూ ఆర్డరు పెట్టరు.

*

టీచరమ్మ గురించి నాకు కచ్చితంగా తెలిసినవి కొన్నే.

కంప్యూటరు ముందు కూర్చుంటే కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకునేది. ఆలోచించడానికి మళ్లీ కిందికి దించుకునేది. మామూలుగా మనుషులు చేసేదానికి ఇది తలకిందులు. కారణం అడిగితే, "సూసేకి ఇవి అక్కర్లేదప్పా, ఆలోచించేకి కావల్ల" అంది.

కొత్త మనిషికి రాసేటప్పుడు పేరును బట్టి పలకరింపు మార్చేది. ఒకరికి వందనాలు, ఒకరికి నమస్కారం, ఒకరికి సలాం. పేరును బట్టి తెలియకపోతే "క్షేమమా" అని మొదలుపెట్టేది. ఇంగ్లీషు వాళ్లకు బడి ఇంగ్లీషులో "రెస్పెక్టెడ్ మేడం". మేడం కాదు సార్ అని తేలితే మళ్లీ ఇంకో ఉత్తరం, తప్పు దిద్దుకుంటూ.

రాసిన ప్రతి ఉత్తరాన్నీ పంపేముందు గట్టిగా చదివేది. "సదివితేనే తప్పు బయటపడతాది" అనేది. ఆ ఇంటికీ రంగప్ప ఇంటికీ మధ్య ఒకే గోడ. పైన పెంకులకు, గోడకు నడుమ జానెడు సందు. ఆమె చదవడం మొదలుపెట్టగానే అవతల మగ్గం ఆగేది.

"...తమరు అడిగిన చీరకు కొంగు ఎరుపు రంగు..."

"ఎరుపు గాదు టీచరమ్మా, దానిమ్మ!" అని గోడ అవతల నుంచి రంగప్ప భార్య సుంకమ్మ.

"దానిమ్మ అంటే బెజవాడోళ్లకు ఏం తెలుస్తాది సుంకమ్మా?"

"బెజవాడోళ్లు దానిమ్మ పండు తినరా యేంది?"

దానిమ్మ అని మార్చేది. మగ్గం మళ్లీ నడిచేది. ఈ పద్ధతిలో ఒక ఉత్తరానికి సగటున పదిహేను నిమిషాలు పట్టేది. కానీ ఆ ఐదేళ్లలో రంగు తప్పు రాసి పంపినట్టు నాకు తెలిసి ఒక్కసారీ జరగలేదు.

అన్నిటికీ మార్కులు వేసేది. వచ్చిన మెయిళ్లకు కూడా. "ఈయమ్మకు ఆరు. విషయం ఉంది, పేరు రాయలా. ఎవురికని రాయల్ల జవాబు, గాలికా?" అందుకే, ఉత్తరాల మర్యాద గురించి నేను తొమ్మిది రూల్స్ టైపు చేసి తెచ్చిస్తే వాటికీ వేసింది. గోడ మీదున్న కాగితం అదే. నేను గోడకు అంటించడానికి తెచ్చాను. ఆమె రెండు రోజులు దగ్గర పెట్టుకుని, ఎర్ర సిరాతో దిద్ది, తర్వాత తనే అంటించింది.

మొదటిది: సబ్జెక్టు ఖాళీగా వదలవద్దు. పదికి పది. రెండోది: ఒక ఉత్తరంలో ఒకే విషయం రాయాలి. ఎనిమిది, పక్కన "క్షేమం అడిగేది విషయంలోకి రాదు" అని. మూడోది, ఏ రోజు వచ్చిన ఉత్తరానికి ఆ రోజే జవాబు. పది. నాలుగోది, ఇంగ్లీషులో అన్నీ పెద్దక్షరాల్లో రాయవద్దు, అరిచినట్టు ఉంటుంది. పది, "కారణం రాసినావు, సంతోషం." ఏడోది, కోపం వచ్చినప్పుడు రాసిన జవాబును మర్నాడు పొద్దున చదివాకే పంపాలి, పంపింది వెనక్కి రాదు. పదికి పది, కింద "నీకు కూడా". ఎనిమిదోది, ఉత్తరాలు వద్దన్న వాళ్ల అడ్రసు అదే రోజు తీసేయాలి. తొమ్మిది. తొమ్మిదోది ఫోటోల సైజు తగ్గించడం గురించి. దానికి మార్కులు లేవు. "అర్థం కాలేదు, వచ్చి చెప్పు."

ఆరోది: చాలామందికి ఒకే ఉత్తరం పంపేటప్పుడు అడ్రసులన్నీ బీసీసీ గడిలో పెట్టాలి.

దాన్ని అడ్డంగా కొట్టేసి సున్నా వేసింది. ఆ సున్నాను నేను చూశాను. నవ్వి ఊరుకున్నాను.

*

ప్రచారానికి డబ్బు పెట్టమని మూడుసార్లు చెప్పాను. పోస్టు ఎక్కువమందికి కనపడటానికి రోజుకు కొంత కట్టాలని, వయసు, ఊరు ఎంచుకోవచ్చని బొమ్మ గీసి చూపించాను.

"దుడ్లిచ్చి ఎవురినో మన పేరు అరవమంటే, దుడ్లు అయిపోయినాక వాడు గమ్మునుంటాడు" అంది.

ఆమె పద్ధతులు వేరు. ఒకటి చీటీ. ప్రతి చీర మడతలోనూ చేత్తో రాసిన చీటీ పెట్టేది: "ఈ చీర నేసినది సుంకమ్మ. పట్టిన దినాలు నాలుగు. మూడో దినం జ్వరం వచ్చినా కూర్చుంది." ఈ చీటీలను ఫోటో తీసి కొన్నవాళ్లే తమ వాళ్లకు పంపుకునేవాళ్లు. సుంకమ్మకు మాత్రం నచ్చేది కాదు.

"నా జరం సంగతి ఊర్లోళ్లకెందుకు టీచరమ్మా?"

"ఊర్లోళ్లకు గాదులే, హైదరాబాదోళ్లకు."

రెండోది దారపు జడ. చీర కోసి తీశాక మగ్గం మీద మిగిలిపోయే పడుగు కొసలను పారేయకుండా మూడు పాయలుగా అల్లి పార్సిల్‌లో వేసేది. పుస్తకంలో గుర్తుకు పెట్టుకోవచ్చు. దానికి ఖర్చు లేదు. మూడోది, ప్రతి ఉత్తరం చివర ఒక వాక్యం: "మా ఉత్తరం చదివి సంతోషపడే మనిషి ఒకరి అడ్రసు పంపగలరు." మొదట వేంపల్లె చెల్లెలు, చర్చి సభల్లో పరిచయమైన నర్సులు, టీచర్లు కలిసి పద్నాలుగు మంది ఉండేవారు. మూడేళ్లకు నూట పద్దెనిమిది అయ్యారు. రంగప్ప ఇంట్లో నాలుగు గుంట మగ్గాలూ నడిచాయి: రంగప్ప, సుంకమ్మ, తమ్ముడు, తమ్ముడి భార్య.

నేను ఆఫీసులో జీతం తీసుకుని దుకాణాలకు చేసిన ప్రచారాల్లో ఇంత ఫలితం ఇచ్చింది ఒక్కటీ లేదు. ఇది ఆమెతో చెప్పలేదు.

*

ఇక ఆ గొడవ.

కోడుమూరు చర్చిలో ఏటా కోతల పండుగ జరుగుతుంది. ఎవరి పొలంలో పండింది వాళ్లు తెస్తారు. గుమ్మడికాయ, శేరు కందులు, కోడిపుంజు, జొన్నకంకుల కట్ట. వాటిని వేలం వేసేముందు, ఎవరు ఏం తెచ్చారో ఒకరు బల్ల దగ్గర నిలబడి మైకులో చదవాలి. ఇరవై ఏళ్లకు పైగా ఆ పని టీచరమ్మదే. ఒక ఏడాది ఒక ఇంటి సొరకాయ జాబితాలో తప్పిపోయింది. ఆ ఇంటివాళ్లు మళ్లీ పండుగ వచ్చేదాకా ఆమెతో మాట్లాడలేదు. "పేరు సదవకపోతే, ఇచ్చినట్టా ఇయ్యనట్టా?" అని ఆమె ఈ కథ చెప్పినప్పుడల్లా వాళ్ల తరఫునే మాట్లాడేది.

చీరల అమ్మకం మొదలైన మూడో ఏడు పండుగ మర్నాడు ఆమె కొన్నవాళ్లందరికీ కృతజ్ఞత చెబుతూ ఒక ఈమెయిల్ పంపింది. నూట పద్దెనిమిది అడ్రసులూ పైన అందరికీ కనపడే గడిలో ఉన్నాయి. కింద జాబితా: పేరు, ఊరు, ఆ ఏడాది కొన్న చీరలు ఎన్ని, ఏ రంగువి. కడప ఆవిడ ఒకరు, ఒకటి, గచ్చకాయ రంగు. రాజంపేట నర్సమ్మ ఒకరు, మూడు. అక్షర క్రమంలో, ఒక్కరి పేరూ తప్పిపోకుండా. బెంగుళూరులో ఉండే ఒకావిడ దగ్గర: నూట ఎనభై ఒకటి.

ఆ బెంగుళూరు ఆవిడకు బట్టల దుకాణం ఉంది. చీరలు తన సొంత మగ్గాల మీద నేయిస్తానని కొనేవాళ్లకు చెబుతూ వచ్చింది. చీటీలు తీసేసి అమ్మేది. రెండు చీరల మడతల్లో చీటీలు ఉండిపోయాయి. అవి చూసి ఇద్దరు నేరుగా టీచరమ్మకు రాసి, ఆ నూట పద్దెనిమిది మందిలో చేరారు. వాళ్లలో ఒకరు జాబితా చదివి అందరికీ జవాబు పంపే మీట నొక్కారు: "నూట ఎనభై ఒకటి కొన్నది మా వీధి దుకాణం ఆవిడేనా? సొంత మగ్గాలు అన్నారే?"

రెండు గంటల్లో పదిహేడు మెయిళ్లు వచ్చాయి. అన్నీ నూట పద్దెనిమిది మందికీ వెళ్లాయి. ఒకరు దుకాణం ఆవిడను తిట్టారు. ఒకరు వెనకేసుకొచ్చారు. ఇద్దరు తమ అడ్రసు అందరికీ ఎందుకు ఇచ్చారని అడిగారు. ఒకరు గచ్చకాయ రంగు చీర ఇంకొకటి ఉందా అని అడిగారు.

దుకాణం ఆవిడ మాత్రం టీచరమ్మ ఒక్కదానికే రాసింది. మూడు వాక్యాలు. "మీరు రాసినది అబద్ధం అనను. కానీ నేను ఏం కొన్నానో మిగతావాళ్లకు చెప్పే హక్కు మీకు లేదు. ఇకపై నా నుంచి ఆర్డర్లు ఉండవు." ఈమెయిల్‌గా చూస్తే అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

నాలుగు మగ్గాల్లో రెండింటి పని ఆవిడదే.

ఆ ఆదివారం కర్నూలు నుంచి బస్సులో వెళ్లాను. టీచరమ్మ ఇదే బల్ల దగ్గర ఉంది. కళ్లద్దాలు కిందికి ఉన్నాయి.

"ఆరో రూలు రాసిచ్చాను కదా టీచరమ్మా."

"సదివినా. ఎవురెవురికి పంపినామో ఒకరికొకరికి తెలీకుండా దాచేది. దొంగతనంగా పిల్సుకునే పెండ్లా ఇది? పత్రిక ఎవురికిచ్చినామో చెప్పుకునేకి సిగ్గా మనకు?"

"సిగ్గు కాదు."

"ఆయమ్మ అబద్ధం చెప్పింది. మేము నిజం సదివినాం. తప్పెవురిది?"

"అబద్ధం ఆవిడది" అన్నాను. "అడ్రసు కూడా ఆవిడదే. కొన్న లెక్క కూడా ఆవిడదే. పండుగకు గుమ్మడికాయ తెచ్చేవాళ్లు పేరు చదువుతారని తెలిసే తెస్తారు. చీర కొన్నవాళ్లకు అది తెలియదు. వాళ్లను మనం అడగలేదు."

ఆమె కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుంది. తర్వాత గోడ మీది కాగితాన్ని చూపించింది.

"ఈ మాట ఆడ ఎందుకు రాయలా?"

"ఏ మాట?"

"ఇప్పుడు చెప్తివే, ఆ కారణం. నాలుగోదానికి రాసినావు. ఏడోదానికి రాసినావు. ఆరోదానికి రాయలా. కారణం తెలీని రూలుకు నేను మార్కులెయ్యనని నీకు రెండో తరగతి నుంచీ తెల్సు."

"మీకు తెలుసనుకున్నాను."

"నాకు తెల్సనుకుంటివా? నీకే తెల్సకపాయనా?"

నిజానికి ఆ రూలు నేను ఆఫీసు కాగితంలోంచి దించుకున్నాను. కారణం బస్సులో ఆలోచించాను.

ఆమె లేచి వెళ్లి గోడను అరచేత్తో రెండుసార్లు తట్టింది. అవతల మగ్గం ఆగింది. రంగప్ప వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె తన విద్యార్థికి పరీక్ష ఫలితం చెప్పినట్టు చెప్పింది:

"రంగప్పా, నేను చేసిన పనికి నీ రెండు మగ్గాలు నిలబడిపాయ. నా తప్పే. ఈ అప్పయ్యది గాదు."

రంగప్ప తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "సుంకమ్మ అప్పుడే చెప్పింది టీచరమ్మా. నువ్వు సదివేటప్పుడు విన్నాం గదా అంతా. కొన్నోళ్లందరి పేర్లూ సదివితివి. నేసినోళ్ల పేర్లు మాత్రం ఒకటీ లేకపాయ."

అంతసేపటిలో ఆమె ముఖం మారింది ఆ ఒక్క మాటకే. దుకాణం ఆవిడ ఉత్తరం నాకు చూపించినప్పుడు కూడా మారలేదు.

ఎర్ర పెన్ను తీసుకుంది. ఆ సున్నాను దిద్దుతుందనుకున్నాను. దిద్దలేదు. దాని పక్కన నా కారణాన్ని ఒక వాక్యంలో రాసింది. తర్వాత సున్నా నుంచి ఒక బాణం గీసి, బాణం చివర "ఇది టీచరుకు" అని రాసింది.

*

మర్నాటి నుంచి ఆమె నూట పద్దెనిమిది క్షమాపణలు రాసింది. విడివిడిగా. ఒకే ఉత్తరం రాసి పేర్లు మాత్రం మార్చి పంపే ఉపాయం ఫోనులో చెప్పాను. పది నిమిషాల పని అన్నాను. "తప్పు చేసేకి పది నిమిషాలు పట్టింది. దిద్దుకునేకి కూడా అంతేనా?" అంది. పంతొమ్మిది రోజులు పట్టింది. ప్రతిదీ గట్టిగా చదివిందట. గోడ అవతల సుంకమ్మకు ఆ ఉత్తరం మొత్తం కంఠతా వచ్చేసిందని రంగప్ప నవ్వాడు.

అరవై నాలుగు మంది జవాబిచ్చారు. తొమ్మిది మంది అడ్రసు తీసేయమన్నారు. ఎనిమిదో రూలు ప్రకారం అదే రోజు తీసేసింది. దుకాణం ఆవిడకు మొదటి ఉత్తరమే వెళ్లింది. జవాబు రాలేదు. రెండోసారి రాయలేదు. అడ్రసు మాత్రం జాబితాలో ఉంచింది. "తీసెయ్యమని ఆయమ్మ అనలా గదా" అంది.

ఆ తర్వాత రెండు మార్పులు జరిగాయి. ఉత్తరం చివరి వాక్యంలో ఒక ముక్క చేరింది: "సంతోషపడే మనిషి ఒకరి అడ్రసు, వాళ్లను అడిగి, పంపగలరు." పండుగ ఉత్తరంలో కొన్నవాళ్ల జాబితా పోయి నేసినవాళ్ల జాబితా వచ్చింది. ఏడు నెలల తర్వాత మూడో మగ్గం మళ్లీ నడిచింది. నాలుగోది నడవలేదు. తమ్ముడి భార్య కూలి పనులకు పోతోంది. ఆమె గురించి మాట్లాడేటప్పుడు టీచరమ్మ కళ్లద్దాలు కిందికి దించుకునేది.

*

శుక్రవారం ఆ ముందుగదిలో ముందు ఆ ముప్పై ఎనిమిది మందికి జవాబులు రాశాను. తర్వాత, ఆమె పోయిన సంగతి జాబితాలో ఉన్న మొత్తం నూట అరవై మూడు మందికి తెలియజేయాలని అనుకున్నాం. ఏం రాయాలన్న దగ్గర వాదన వచ్చింది.

"పోయిందని రాసి, చీరలు ఎప్పట్లాగే దొరుకుతాయని కూడా రాయప్పా" అన్నాడు రంగప్ప.

ఆమె చెల్లెలు కుర్చీలోంచి లేచింది. "అక్క సచ్చిపోయిందని చెప్పే జాబులోనే చీరలు కొంటారా అని అడిగేదా? ఏం మర్యాదప్పా అది? ఈడ మనుషులు ఉండారా లేదా?"

రంగప్ప తల వంచుకున్నాడు. "నేను అడిగేది అడుక్కునేకి గాదమ్మా. సోమారం ఆయప్ప వస్తాడు. మగ్గం ఇప్పదీసినాక మళ్లీ గుంటలో పెట్టేది కల్లే."

ఇద్దరి మాటా సరైనదే. రెండో రూలు ప్రకారం చూసినా చావు ఒక విషయం, చీరలు ఇంకో విషయం. కాగితం వైపు చూశాను. పరిష్కారం అందులో లేదు. బిస్కెట్ల డబ్బాలో జడల కింద మిగిలిపోయిన చీటీల్లో ఉంది. టీచరమ్మ చీటీల్లో ఎక్కడా కొనమని లేదు. ఎవరు నేశారు, ఎన్ని దినాలు, ఏం జరిగింది, అంతే.

నాలుగు వాక్యాలు రాశాను. పంపేముందు గట్టిగా చదివాను. ఆ ఇంట్లో ఇంకో పద్ధతి నాకు తెలియదు.

"నమస్కారం. మీకు ఉత్తరాలు రాసే టీచరమ్మ గారు పోయిన వారం సోమవారం పొద్దున గుండెపోటుతో..."

గోడ అవతల మగ్గం ఆగింది.

"పొద్దున గాదప్పా!" సుంకమ్మ గొంతు. "మద్యాన్నం. పొద్దున నాతో మాట్లాడింది. దానిమ్మ రంగు ఇంక ఎన్ని కండెలుండాయని అడిగింది. రాసుకో."

రాసుకున్నాను. ఉత్తరం ఇలా అయింది: "మీకు ఉత్తరాలు రాసే టీచరమ్మ గారు పోయిన వారం సోమవారం మధ్యాహ్నం గుండెపోటుతో చనిపోయారు. ఆ పొద్దున ఆమె దానిమ్మ రంగు నూలు ఎంత మిగిలిందని అడిగారు. ఈ ఉత్తరం రాస్తుంటే గోడ అవతల సుంకమ్మ మగ్గం నడుస్తోంది. రంగప్ప, ఆయన తమ్ముడు మళ్లీ కూర్చోగానే వాళ్ల మగ్గాలూ నడుస్తాయి. ఇకపై ఉత్తరాలు వాళ్ల తరఫున నేను రాస్తాను." కింద నా పేరు, ఊరు, ఫోను నంబరు. ఐదో రూలు.

చెల్లెలు రెండుసార్లు చదివించుకుంది. "ఇది పంపు" అంది.

బీసీసీలో పెడితే ఒక్క నొక్కుతో పోయేది. విడివిడిగానే పంపాను. చెల్లెలు జాబితా చేతిలో పట్టుకుని పేర్లు చదివింది, పలకరింపు రంగప్ప చెప్పాడు. నేను టైపు చేశాను. ఎవరికి వందనాలో, ఎవరికి సలామో ఆయనకు నాకన్నా బాగా తెలుసు. బెంగుళూరు ఆవిడ పేరు దగ్గర ఆగాడు.

"ఈయమ్మకు?"

"తీసెయ్యమని ఆవిడ అనలేదు మామా."

"అట్లయితే పంపు."

శుక్రవారం దీపాలు పెట్టేవేళకు డెబ్బై రెండు, మిగతావి శనివారం పంపాము.

సోమవారం పదకొండు గంటలకు ఆదోని ఆయన ఆటోతో వచ్చాడు. వాకిట్లో నిలబడి బీడీ ముట్టించాడు. నేను పెట్టె తెరిచి లెక్క చెప్పాను. జవాబులు తొంభై ఏడు. అడ్రసు తీసేయమన్నవి ఒకటి: బెంగుళూరు ఆవిడ. "టీచరమ్మ గారి కుటుంబానికి నా సానుభూతి. దయచేసి నా అడ్రసు మీ జాబితా నుంచి తొలగించండి." అప్పుడే తొలగించాను.

"ఈయమ్మకు టీచరమ్మ ఎన్ని మార్కులేసునో?" అన్నాడు రంగప్ప.

"పలకరింపు లేదు. విషయం ఒకటే. ఎనిమిది వేసేది."

"చీరలు ఎన్నప్పా?"

"ఇరవై ఒకటి."

రంగప్ప వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "మూడు తక్కువ."

వాకిట్లో ఆయన దగ్గాడు. రంగప్ప గోడ మీది కాగితం వైపు కాసేపు చూశాడు. ఆయనకు చదవడం రాదు. ఏ రూలు ఎక్కడుందో మాత్రం తెలుసు.

"ఇరవై నాలుగని ఎవురు పెట్టిరి?"

"నువ్వే మామా. మగ్గానికి ఎనిమిదని."

"ఎనిమిది నాకు, మా తమ్మునికి. సుంకమ్మకు మోకాళ్ల నొప్పులు. నెలకు ఐదే నేస్తాది."

"ఐదని ఎవురు సెప్పిరి?" గోడ అవతల మగ్గం ఆగకుండానే గొంతు వచ్చింది. "ఆరు!"

ఆదోని ఆయన నాలుగో మగ్గం సామాను ఆటోలో వేసుకుని వెళ్లిపోయాడు. ప్రస్తుతం నడుస్తున్న మగ్గాలు మూడు.